కేసెట్టు నిలిపిన పాటలు

1980లలో విపరీతంగా అమ్ముడైన పాటల ఆల్బం ఏదంటే లోకమంతా మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పేరే చెబుతుంది. 1982 నవంబరులో వచ్చిన ఆ ఆల్బం అమెరికా అమ్మకాల పట్టికలో 37 వారాలు మొదటి స్థానంలో ఉంది. దాని వీడియోను అనుకరించిన పాట మనకు 1985లో చిరంజీవి ‘దొంగ’ సినిమాలో కనబడింది. ఆ దశకం పాటలు నేటికీ మన ఇళ్లలో వినబడడానికి బాణీల గొప్పదనం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. వాటిని మోసుకొచ్చిన కేసెట్టుకూ అందులో వాటా ఉంది. కామర్సు చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి గనుక ముందు ఖర్చు లెక్క చూస్తాను.

గ్రామఫోన్ రికార్డు అచ్చువేయడానికి పెద్ద కర్మాగారం కావాలి. అంత పెట్టుబడి పెట్టగలవారు తక్కువ కాబట్టి మనదేశంలో ఆ వ్యాపారం చాలాకాలం ప్రధానంగా హెచ్.ఎం.వి. చేతిలోనే ఉండిపోయింది. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన కేసెట్టు ఈ లెక్క మార్చింది. నకళ్లు తీసే యంత్రాలుంటే చిన్న సంస్థ కూడా దుకాణం తెరవవచ్చు. 1983లో మొదలైన టి-సిరీస్ ధర బాగా తగ్గించి అమ్మింది. టార్చి బ్యాటరీలతో నడిచే ప్లేయరు కరెంటు లేని ఇంటికీ పాటను చేర్చింది.

ఈ చరిత్రలో బెంగళూరుకూ చోటుంది. 1980లో ‘కుర్బానీ’ పాటతో పదిహేనేళ్ల నాజియా హసన్‌ను దేశానికి పరిచయం చేసి, మరుసటి ఏడే ‘డిస్కో దీవానే’ ఆల్బం తెచ్చిన బిద్దు బెంగళూరులో పుట్టినవాడే. 1987లో రవిచంద్రన్ ‘ప్రేమలోక’ వచ్చింది. హంసలేఖ కట్టిన ఆ పాటల కేసెట్టుతో లహరి సంస్థ పేరు కర్ణాటకమంతా మోగింది. అందులో కన్నడం పాడిన గొంతు నెల్లూరు జిల్లాలో పుట్టిన మన బాలసుబ్రహ్మణ్యంది. 1989లో అదే గొంతు తెలుగులో ‘గీతాంజలి’కి, హిందీలో ‘మైనే ప్యార్ కియా’కు పాడింది. కన్నడం, తెలుగు, తమిళం కలిసి బతికే చందాపుర వంటి ఊళ్లో ఆయన ఏ ఒక్కరి గాయకుడూ కాడు.

ఇంకొక సంగతి. కేసెట్టులో నచ్చిన పాట కోసం ముందుకూ వెనక్కూ తిప్పితే బ్యాటరీ అరిగేది, టేపు చిక్కుపడేది. అందుకని వరసగా వినేవాళ్లం. మొదట నచ్చని పాట కూడా పదిసార్లు చెవినబడి చుట్టమైపోయేది. ఒక పాట తర్వాత ఏది వస్తుందో మా తరం ఇప్పటికీ చెప్పగలదు.

ఖాళీ కేసెట్టు కొనిచ్చి, కోరిన పాటలు ఎక్కించుకునే దుకాణాలు కూడా ఉండేవి. మేము తెలుగులో రాసిచ్చిన చీటీని కన్నడం మాత్రమే చదివిన దుకాణదారు కూడబలుక్కుని చదివేసేవాడు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లని పండితులు చెప్పే మాటకు ఆ చీటీయే నాకు తొలి రుజువు.

ఇప్పుడు చీటీ అవసరం లేదు, ఫోనుకు నోటితో చెబితే పాట వస్తుంది. మా ఇంటి పిల్లలకు ‘గీతాంజలి’ పాటలు కంఠతా వచ్చు. పల్లవి రాయమంటే మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. బడిలో తెలుగు లేని చోట వారిని తప్పుపట్టి లాభం లేదు. పాటను కాపాడినది వ్యాపారం. దానికి లాభం ఉంది కాబట్టి ఇక ముందూ కాపాడుతుంది. మన లిపికి అటువంటి పూచీ ఎవరూ ఇవ్వరు. అందుకే పాఠక మిత్రులకు ఒక సూచన: వారానికొక పాట పిల్లలతో విని, దాన్ని వారిచేత తెలుగులో రాయించండి. నోటికి వచ్చిన మాటే గనుక అక్షరం త్వరగానే పట్టుబడుతుంది.