చాకలి సోడా, వయోమింగ్ గని, టాటా వారి బేరం

ఈ వారం చరిత్ర కబుర్లలో రాజులూ యుద్ధాలూ లేవండీ, చాకలి సోడా ఉంది. నవ్వకండి, ఐదు కోట్ల ఏళ్ళ కథ ఇది.

మన ఊళ్ళలో ఒకప్పుడు రజకులు చౌడు మట్టి ఏరి తెచ్చి, నీళ్ళలో కలిపి, అందులో బట్టలు ముంచి, బానకెక్కించి ఆవిరి పట్టేవారు. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ చౌడులో మురికిని వదిలించే సరుకు పేరు సోడియం కార్బొనేట్. కొట్లో దాన్నే చాకలి సోడా అంటారు, ఫ్యాక్టరీల వాళ్ళు సోడా యాష్ అంటారు. బట్టల సబ్బు పొడిలో ఉంటుంది. అంతకంటే ఎక్కువగా గాజు తయారీకి పోతుంది. మీ కిటికీ అద్దం, మీ ఆవకాయ జాడీ పక్కనున్న గాజు సీసా, అన్నిటిలోనూ ఇది ఉంది.

2008 జనవరి 31న టాటా కెమికల్స్ ఒక ప్రకటన చేసింది. అమెరికాలో జనరల్ కెమికల్ ఇండస్ట్రియల్ ప్రోడక్ట్స్ అనే కంపెనీని 100 కోట్ల 50 లక్షల డాలర్లకు కొంటున్నామని. మార్చికల్లా బేరం పూర్తయింది. దాంతో వయోమింగ్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ దగ్గరున్న సోడా యాష్ గనిలో మూడు వంతుల వాటా టాటాల చేతికొచ్చింది. జాగ్వార్ కార్ల కంపెనీ బేరం ఒప్పుకున్నదీ ఆ మార్చిలోనే. నేనప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఈస్టిండియా కంపెనీకి బదులు తీర్చేశాం అంటూ ఈమెయిల్ ఫార్వర్డులు హాస్టలంతా తిరిగాయి. కార్ల గురించి అందరూ మాట్లాడారు, సోడా గని సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మటుకు నాకు రెంటిలో గనే ఆసక్తికరమైన బేరం.

ఎందుకో చెప్తాను. సోడా యాష్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, తయారు చేసుకోవడం. 1861లో బెల్జియం వాడు ఎర్నెస్ట్ సాల్వే కనిపెట్టిన పద్ధతి. ఉప్పు నీళ్ళు, సున్నపురాయి, అమ్మోనియా, బోలెడంత బొగ్గు. రెండోది, దేవుడు చేసి పెట్టింది తవ్వుకోవడం. వయోమింగ్‌లో సుమారు ఐదు కోట్ల ఏళ్ళ కిందట గోసియూట్ అనే పెద్ద సరస్సు ఉండేది. అది మళ్ళీ మళ్ళీ ఎండిపోయి అడుగున ట్రోనా అనే రాయి పొరలు పొరలుగా మిగిలింది. ఒక రకంగా అది మన చౌడే, కాకపోతే మైళ్ళ కొద్దీ పరుచుకున్న చౌడు. 1938లో చమురు, గ్యాస్ కోసం బావి తవ్వుతుంటే సుమారు 1,600 అడుగుల లోతులో ఈ రాయి బయటపడింది. చమురు కోసం దిగితే చాకలి సోడా దొరికిందన్నమాట!

ఈ ట్రోనాని యంత్రాలతో తవ్వి, పైకి తెచ్చి, పొడి చేసి, వేయించి, నీళ్ళలో కరిగించి, మట్టి వడకట్టి, మళ్ళీ స్ఫటికాలు కట్టిస్తారు. అంతే. రమారమి 1.8 టన్నుల రాయికి ఒక టన్ను సోడా. సాల్వే పద్ధతితో పోలిస్తే ఖర్చూ తక్కువ, ఇంధనమూ తక్కువ. ఉన్న చిక్కల్లా వయోమింగ్‌కి సముద్రం లేకపోవడం. ఎగుమతి సరుకు రైలెక్కి, కొండలు దాటి, వందల మైళ్ళ దూరంలోని ఓడరేవుకి చేరాలి.

ఇక ఇండియాలో. గుజరాత్‌లో ద్వారక, ఓఖాల మధ్య మిఠాపూర్ అని ఉంది. తీపికి కాదు ఆ పేరు, మీఠు అంటే గుజరాతీలో ఉప్పు. 1939లో టాటా కెమికల్స్ పుట్టింది అక్కడే. సాల్వే పద్ధతి తెలిసిన కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, వాళ్ళు రహస్యం చెప్పరు. మన ఇంజనీర్లు తిప్పలు పడి సొంతంగా నేర్చుకున్నారు. ఆ కష్టం తక్కువది కాదు. కానీ ఎంత బాగా నేర్చుకున్నా, ఉప్పూ సున్నపురాయీ బొగ్గూ ఖర్చు పెట్టి చేసిన సోడా భూమిలోంచి తవ్విన సోడా ధరకి రాదు కదండీ.

అసలు కథ ఇక్కడుంది. అమెరికా సోడా కంపెనీలు 1983లో ఎగుమతుల కోసం ఒక సంఘం పెట్టుకున్నాయి, అన్సాక్ అంటారు. గ్రీన్ రివర్ గని పాత యజమానులూ అందులో సభ్యులే. 1996లో అన్సాక్ తన సరుకుని ఇండియాకి పంపబోయింది. భారత ఆల్కలీ తయారీదారుల సంఘం ఎమ్మార్టీపీ కమిషన్ గుమ్మం ఎక్కింది. ఇది అమ్మేవాళ్ళంతా ఒక్కటై ధర కట్టే ముఠా, దీన్ని రానివ్వకూడదని. 1997లో కమిషన్ మధ్యంతర ఉత్తర్వుతో ఆపేసింది. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. దేశం బయట కట్టిన ముఠా పేరు చెప్పి దిగుమతినే ఆపే అధికారం కమిషన్‌కి లేదని 2002 జూలైలో కోర్టు కొట్టేసింది. ఇండియాలో ఆ పరిశ్రమకి పెద్దన్న టాటా కెమికల్సే. తీర్పు వచ్చిన ఆరేళ్ళకి పెద్దన్న వెళ్ళి వయోమింగ్ గనినే కొనుక్కున్నాడు!

నేనేమంటానంటే, 2008లో జరిగింది ప్రతీకారమూ కాదు, దండయాత్రా కాదు. గట్టు కట్టి నీళ్ళు ఆపలేమని తెలిసి, ఎగువ చెరువులో వాటా కొనుక్కోవడం. అదీ అప్పు తెచ్చి మరీ. పైగా గని కొన్నారు అంటాం గానీ, అందులో రాయి కంపెనీది కాదు. 1862 చట్టం ప్రకారం రైలు కంపెనీకి పట్టాల కిరువైపులా చదరంగం బల్లలా ఒక గడి విడిచి ఒక గడి భూమి ఇచ్చారు. మిగతా గడులు సర్కారువి. ఇప్పటికీ గని వాళ్ళు ఒక గడికి కేంద్రానికీ, ఒక గడికి రాష్ట్రానికీ, ఇంకో గడికి రైలు కంపెనీ నుంచి సంక్రమించిన హక్కుదారుకీ రాయల్టీ కట్టి తవ్వుకుంటారు. యజమాని ఎవరైనా కౌలుదారే.

కంపెనీలు చేతులు మారినప్పుడు మా లాంటి కన్సల్టెంట్లని పిలుస్తారు, లెక్కలన్నీ ఒక సిస్టంలోంచి ఇంకో సిస్టంలోకి మార్చమని. మేం మొదట మార్చేది పేరు. ఈ గనికది అలవాటే. 1968లో అలైడ్ కెమికల్, 1986లో జనరల్ కెమికల్, ఇప్పుడు టాటా. దిగేవాళ్ళు మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే.

ఆ ఊళ్ళలో ఒక దాని గురించి మన పిల్లలకి చెప్పాలి. గ్రీన్ రివర్‌కి పదిహేను మైళ్ళ దూరంలో రాక్ స్ప్రింగ్స్. అక్కడి బొగ్గు గనుల్లో చైనా కూలీలు పనిచేసేవారు. తక్కువ కూలికి వస్తున్నారని, సమ్మెలో కలవలేదని 1885 సెప్టెంబరు 2న తెల్ల గని పనివాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. కనీసం 28 మందిని చంపారు, ఇళ్ళు తగలబెట్టారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆసియా నుంచి కూలీగా వస్తే ఆ గతి పట్టిన చోట, 123 ఏళ్ళ తరవాత ఆసియా కంపెనీ యజమానిగా వచ్చింది. ఏ గొడవా జరగలేదు. బెల్జియం సాల్వే, కొరియా వాళ్ళు అప్పటికే పక్క గనుల్లో ఉన్నారు.

తరవాతి సంగతులు. టాటాలు 2005 చివర్లో ఇంగ్లండులో బ్రనర్ మాండ్ అనే పాత కంపెనీ కూడా కొన్నారు, 1873లో పుట్టింది. అది సాల్వే పద్ధతిది. 2014లో అక్కడి విన్నింగ్టన్ ఫ్యాక్టరీలో సోడా యాష్ ఆపేశారు. 2025 జనవరి ఆఖరికి లాస్టాక్‌లోనూ ఆగిపోయింది. అదే కంపెనీ 2019 డిసెంబరులో వయోమింగ్ గనిలో మిగతా పావు వాటాకి 19 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టింది. డబ్బు ఏ రాయి వైపు నడిచిందో చూడండి.

ఇప్పుడు గ్రీన్ రివర్ చుట్టూ పెద్ద ఉత్పత్తిదారులు నలుగురు. ఒకటి ఇండియా వాళ్ళది, ఒకటి బెల్జియం వాళ్ళది, రెండు టర్కీ వాళ్ళవి. టర్కీలోనూ ట్రోనా ఉంది, చైనాలో ఇన్నర్ మంగోలియాలోనూ కొత్త గని 2023లో మొదలైంది. సరుకు పెరిగింది, ధరలు పడ్డాయి. 2024 డిసెంబరు చివర భారత ప్రభుత్వం దిగుమతి సోడా యాష్‌కి టన్నుకి 20,108 రూపాయల కనీస ధర పెట్టింది. అంతకన్నా చవగ్గా రానివ్వమని. మిఠాపూర్‌ని కాపాడటానికి అప్పుడు కట్టిన ఆ గోడకి అటు పక్కన, ఈసారి టాటాల సొంత గని కూడా ఉండింది. ఉంటానండీ.