తొట్టెల్ల పిలిచిన పేర్లు

ఆ మొద్దును జర ముందుకు నూకు బిడ్డా, మంట అందుకుంటది. నీ బిడ్డకు జానకి అని పెడ్తమంటున్నరట గద, సంబురమైంది. వైదేహి, మైథిలి, రుద్రమ... పాతపేర్లు మల్ల చెవుల వడుతున్నయి.

మా కాలంల పేర్లకు పుస్తకాలు ఎవరు చూసిన్రు? మొక్కిన దేవుని పేరే బిడ్డ పేరు. ఏములాడ రాజన్నకు కోడెను కడ్తమని మొక్కితె రాజవ్వ; మా అమ్మ గట్ల పుట్టిందే. కొమురెల్లి మల్లన్న దయ అయితె కొమురవ్వ, ఓదెల మల్లన్నది అయితె ఓదెమ్మ. మేడారం తల్లులకు బెల్లం మొక్కితె సమ్మక్క, లేకుంటె సారక్క. పేరు విన్నమంటె చాలు, ఆ కన్నతల్లి ఏ గుడి ముంగట కొంగు పరిచిందో ఎరుకైతుండె.

పెంటమ్మ అంటె నవ్వుతరు మీరు. నవ్వద్దు. మా వాడకట్టుల ఒకామెకు పుట్టినోళ్లు పుట్టినట్టే పోయిన్రు. మల్ల ఆడపిల్ల పుడితె, బొడ్డు ఊడకముందే చాటల పండవెట్టి పెంటకుప్ప మీద పెట్టిన్రు. పక్కింటి అవ్వ ఎత్తుకొచ్చి, "నాకు దొరికింది, కొంటవా?" అని కన్నతల్లినే అడిగింది. తల్లి దోసెడు తవుడు పోసి కొనుక్కున్నది. గిది ఎవ్వలకు అక్కెరలేని పోరి అనుకొని సావు పక్కకెళ్లి పోవాలెనని. ఆ పెంటమ్మ బతికింది. నాట్లల్ల ముందుగాల పాటెత్తింది ఆమెనే.

బడులొచ్చినంక రిజిస్టర్ల రాజవ్వ రాజేశ్వరి అయింది. తర్వాత సినిమాలు, వారపత్రికలు చూసి స్వాతి, లావణ్య, మౌనిక అని పెట్టుకున్నరు. తప్పేం లేదు. కానీ అవ్వ పేరు పెడితె పిల్ల బడిల సిగ్గువడ్తదని అనుకునుడు నాకు మస్తు బాధైంది.

ఇప్పుడు మల్ల వస్తున్నయన్నీ పురాణాల పేర్లు, కోటల పేర్లు. పొలంల వంగినోళ్ల పేర్లు రాలే. పాలకుర్తిల తన పంట కోసం దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ పేరు 2024ల కోఠి మహిళా యూనివర్సిటీకి పెట్టిన్రు. అంత పెద్ద సదువుల గడపకు పెట్టుకున్న పేరు మన తొట్టెల్లకు ఎందుకు రావద్దు?

ఇరువయ్యొకటో నాడు జానకి అనే పెట్టుండ్రి. కానీ చెవుల పేరు చెప్పేటప్పుడు ఒక్కసారన్న రాజవ్వ అని పిల్వాలె. మీకు నోరు రాకపోతె నేను పిలుస్త.