మొదటి శాలువా



కిందటి వార్షికోత్సవంలో వందన సమర్పణ చేసింది నేనే. పాడిన విద్వాంసుణ్ణి పొగిడాను. మైకు సెట్టు అబ్బాయిని, కాఫీలు అందించినవారిని కూడా మరువలేదు. రెండు గంటలు ఫిడేలు వాయించిన పెద్దమనిషి పేరు మాత్రం చెప్పలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగేదాకా ఆ సంగతే నాకు తోచలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఫిడేలు ఐరోపా నుంచి తెల్లదొరలతో వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (జననం 1786) మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఒక యూరోపియన్ వద్ద దాన్ని నేర్చి, మన సంగీతానికి మలిచారు. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలుకు తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహూకరించారు.

వీణకున్నట్టు దీనికి మెట్లు లేవు. వేలు తీగపై జారుతుంది, గమకం గొంతులో పలికినట్టే పలుకుతుంది. పాశ్చాత్యులు గడ్డం కింద ఆనించి వాయిస్తే, మనవారు నేలమీద కూర్చుని దాని తలను కుడిపాదం మీద ఆనించారు. ఎడమచేయి ధారాళంగా కదలడానికి ఈ ఏర్పాటు. తీగలను షడ్జమ పంచమాలకు శ్రుతి చేశారు. గొంతుకు అంత దగ్గర కావడం దాని అదృష్టమూ, దురదృష్టమూ కూడా. గాయకుని వెంట నడవడమే దాని పని అని లోకం తీర్మానించేసింది.

ఆ తీర్మానాన్ని మార్చినవారిలో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ముఖ్యులు. 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందగించి బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య గారే తొలి గురువు. 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు విని ఏకంగా అధ్యాపకుణ్ణి చేశారట! 1936లో తానే ప్రిన్సిపాలయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. ఫిడేలును వేదిక నడుమ కూర్చోబెట్టి పూర్తి కచేరీలు చేశారు. జనానికి ఆయన 'ఫిడేలు నాయుడు గారు'. రేడియోలో ఆయన కచేరీ వస్తుంటే మా నాన్నగారు ఇంట్లో గిన్నె చప్పుడు కానిచ్చేవారు కాదు. 1964లో ఆయన కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా బిళ్ల వెలువడింది.

ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నోటు రాసింది మనం, సంతకం పైవారిది, మెప్పూ వారిదే. పక్కవాద్యమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అలాంటి నేనే ఆ పేరు మరిచాను!

మొన్న ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. "పర్వాలేదండీ, మాకు అలవాటే" అన్నారు. కోప్పడినా అంత బాధ కలిగేది కాదు.

ఈ ఏడు వార్షికోత్సవంలో ఆయన చేత సోలో కచేరీ పెట్టించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి శాలువా ఆయనకే. దాని ఖర్చు నాది, పింఛను రాగానే కోశాధికారి గారికి అందజేస్తాను.