విమాన నిర్వహణ పరిశ్రమ సదస్సులు

విమానాల నిర్వహణ, మరమ్మతు, సంపూర్ణ పునరుద్ధరణ పనులు చేసే సంస్థలు, విమానయాన సంస్థలు, విడిభాగాల తయారీదారులు, నియంత్రణాధికారులు ఒకచోట కలుసుకొనే సభలను విమాన నిర్వహణ పరిశ్రమ సదస్సులు అంటారు. ఈ పరిశ్రమను ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో ఎం.ఆర్.ఓ. పరిశ్రమ అని వ్యవహరిస్తారు. ఈ సదస్సులలో ఉపన్యాసాలు, ప్రదర్శనలు ఉన్నప్పటికీ, వచ్చేవారిలో అధికులు ఆశించే ప్రయోజనం వృత్తిపరమైన పరిచయాలు ఏర్పరచుకోవటం. దీనినే నెట్‌వర్కింగ్ అంటున్నారు. తెలుగునాట ఇటువంటి కలయికకు ప్రధాన వేదిక హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయంలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన.

పరిశ్రమ స్వరూపం

విమాన నిర్వహణ పనులను స్థూలంగా నాలుగు విధాలుగా విభజిస్తారు.

* లైన్ నిర్వహణ: విమానం ఒక ప్రయాణం ముగించి మరొక ప్రయాణానికి బయలుదేరేలోపు, లేదా రాత్రి వేళ ఆగినప్పుడు చేసే తనిఖీలు, చిన్న మరమ్మతులు.
* బేస్ నిర్వహణ: విమానాన్ని హ్యాంగరులోకి చేర్చి, భాగాలు విప్పి చేసే లోతైన పరీక్షలు. వీటిలో సి-చెక్ సాధారణంగా ఒకటిన్నర, రెండు సంవత్సరాల కొకసారి వస్తుంది. డి-చెక్ అనే అతి పెద్ద తనిఖీ అనేక సంవత్సరాల కొకసారి జరుగుతుంది. అందులో విమానాన్ని దాదాపుగా విప్పి తిరిగి కూర్చుతారు.
* ఇంజను నిర్వహణ: ఇంజనును రెక్కనుండి దింపి ప్రత్యేక కర్మాగారంలో చేసే పని. ఈ పరిశ్రమలో అత్యధిక వ్యయం దీనికే అవుతుంది.
* విడిభాగాల నిర్వహణ: చక్రాలు, బ్రేకులు, ల్యాండింగ్ గేరు, ఎలక్ట్రానిక్ పరికరాలు మొదలైనవాటి మరమ్మతు.

ఈ పనులను ఎవరు పడితే వారు చేయరాదు. భారతదేశంలో రిజిస్టరైన విమానాలపై పనిచేసే సంస్థకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) వారి సి.ఎ.ఆర్.-145 నిబంధనల ప్రకారం ఆమోదం ఉండాలి. విదేశీ విమానాలపై పనిచేయాలంటే ఆయా దేశాల నియంత్రణ సంస్థల ఆమోదం కూడా అవసరం. పని పూర్తయిన తరువాత, అర్హత గల ఇంజనీరు సంతకం చేసినగాని విమానం తిరిగి ఎగరరాదు.

పరిచయాల ఆవశ్యకత

ఏదైనా ఒక భాగం చెడిపోయి, అది దొరకక విమానం నేలపై నిలిచిపోయిన స్థితిని ఏ.ఓ.జి. అంటారు. ఎగరని విమానానికి ఆదాయం ఉండదు. అద్దె, జీతాలు, ప్రయాణికుల ఏర్పాట్ల ఖర్చు మాత్రం ఆగవు. అటువంటి వేళ ఆ భాగం ఏ ఊరిలో, ఎవరివద్ద ఉన్నదో తెలిసిన వ్యక్తి విలువ చాలా ఎక్కువ. జాబితాలు, కంప్యూటరు వ్యవస్థలు ఎన్ని ఉన్నా, అర్ధరాత్రి ఫోను చేస్తే పలికే మనిషి ఒకరు ఉండటం ఈ వృత్తిలో అవసరమని భావిస్తారు. ఆ పరిచయానికి నాంది పడేది తరచుగా సదస్సులలోనే.

ఈ సహకార సంప్రదాయం పాతది. అంతర్జాతీయ ఎయిర్‌లైన్స్ టెక్నికల్ పూల్ (ఐ.ఎ.టి.పి.) అనే కూటమిలోని విమానయాన సంస్థలు వివిధ విమానాశ్రయాలలో విడిభాగాలను, పరికరాలను పరస్పరం పంచుకుంటాయి. వాటి ప్రతినిధులు నియతకాలికంగా సమావేశమై, ఏ విమానాశ్రయంలో ఎవరు ఏ భాగాన్ని నిల్వ ఉంచాలో మాట్లాడుకొని ఒప్పందాలు చేసుకుంటారు. 1960 దశకం చివర, బోయింగ్ 747 వంటి పెద్ద విమానాలు రానున్న కాలంలో, వాటి నిర్వహణ భారం ఒక్కొక్క సంస్థ విడిగా మోయలేదని గ్రహించి ఐరోపా సంస్థలు రెండు కూటములుగా ఏర్పడ్డాయి. ఎయిర్ ఫ్రాన్స్, లుఫ్తాన్సా, అలిటాలియా, సబేనా సంస్థలు అట్లాస్ కూటమిగాను, కె.ఎల్.ఎం., ఎస్.ఎ.ఎస్., స్విస్ ఎయిర్, యు.టి.ఎ. సంస్థలు కె.ఎస్.ఎస్.యు. కూటమిగాను పనులను పంచుకున్నాయి. ప్రయాణికుల కోసం పోటీపడే సంస్థలే నిర్వహణ విషయంలో ఒకరికొకరు ఆధారపడటం ఈ పరిశ్రమ ప్రత్యేకత.

గుంటూరు మిర్చి యార్డు సంగతి తెలిసిన వారికి దీనిని అర్థం చేసుకోవటం కష్టం కాదు. అక్కడ సరుకు కళ్ళెదుట ఉన్నా, ఏ దళారి మాట నిలబడుతుందో ఎరిగిన రైతుకు మేలు. విమాన విడిభాగాల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. భాగం చూడటానికి బాగున్నా, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిపే ధ్రువపత్రం లేకపోతే అది పనికిరానిదే.

2023లో బయటపడిన ఏ.ఓ.జి. టెక్నిక్స్ ఉదంతం ఇందుకు నిదర్శనం. లండన్ కేంద్రంగా పనిచేసిన ఈ సంస్థ, విరివిగా వాడుకలో ఉన్న సి.ఎఫ్.ఎం.-56 ఇంజన్ల భాగాలను తప్పుడు పత్రాలతో అమ్మింది. పోర్చుగల్ దేశపు విమానయాన సంస్థ టి.ఎ.పి. ఇంజనీర్లు, కొత్తదని పత్రంలో రాసిన ఒక భాగం పాతదిగా కనిపించటంతో అనుమానించి ఇంజను తయారీదారును అడిగారు. ఆ పత్రం నకిలీదని తేలింది. అనేక దేశాలలో విమానాలను ఆపి ఇంజన్లను పరీక్షించవలసి వచ్చింది. ఆ సంస్థ ఉద్యోగులుగా అంతర్జాలంలో కనిపించిన కొందరు అసలు లేని మనుషులని, వారి ఛాయాచిత్రాలు వేరేచోటనుండి తెచ్చినవని పత్రికలు వెల్లడించాయి. ముఖాముఖి పరిచయం మోసాన్ని పూర్తిగా నివారించలేదు గాని, లేని మనిషిని ఉన్నట్లు చూపటం అక్కడ సాధ్యం కాదు.

హైదరాబాదు వేదిక

2008 మార్చి 23న శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభం కావటంతో బేగంపేటనుండి సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. నగరం నడుమ రన్‌వేతో సహా ఖాళీగా మిగిలిన ఈ స్థలం విమాన ప్రదర్శనలకు అనువైనది. అదే సంవత్సరం అక్టోబరులో ఇండియా ఏవియేషన్ పేరిట ఇక్కడ తొలి ప్రదర్శన జరిగింది. అప్పటినుండి సుమారు రెండేళ్ళ కొకసారి దీనిని నిర్వహిస్తున్నారు. కేంద్ర పౌర విమానయాన శాఖ, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, వాణిజ్య మండళ్ళ సమాఖ్య అయిన ఫిక్కి దీని నిర్వాహకులు.

2010 మార్చి 3న ప్రదర్శన తొలిరోజున విషాదం సంభవించింది. భారత నౌకాదళపు సాగర్ పవన్ బృందానికి చెందిన కిరణ్ విమానం విన్యాసాలు చేస్తూ సమీప నివాస ప్రాంతంలోని భవనంపై కూలిపోగా, అందులోని ఇద్దరు పైలట్లు మరణించారు.

2018నుండి ఈ ప్రదర్శన వింగ్స్ ఇండియా అనే పేరుతో జరుగుతున్నది. 2020 మార్చిలో కరోనా కారణంగా సాధారణ ప్రజల సందర్శనను రద్దుచేసి, వ్యాపార సమావేశాలకే పరిమితం చేశారు. 2024 జనవరి 18 నుండి 21 వరకు జరిగిన ప్రదర్శనలో ఎయిరిండియా తన తొలి ఎయిర్‌బస్ ఎ-350 విమానాన్ని ప్రజలకు చూపింది. ఆకాశ ఎయిర్ 150 బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల కొనుగోలును ప్రకటించింది. తరువాతి ప్రదర్శన 2026 జనవరి 28 నుండి 31 వరకు జరిగింది.

పత్రికలు విమానాల కొనుగోళ్ళ గురించి విరివిగా రాస్తాయి. అయితే కొన్న ప్రతి విమానానికీ అది ఎగిరినంత కాలం నిర్వహణ కావాలి. కనుక ఒక్కొక్క కొనుగోలు ప్రకటన నిర్వహణ సంస్థలకు దశాబ్దాల పనికి సూచన.

హైదరాబాదులోని నిర్వహణ కేంద్రాలు

శంషాబాదు విమానాశ్రయ ప్రాంగణంలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ సంస్థ ఉన్నది. మలేషియా ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థతో ఉమ్మడి భాగస్వామ్యంగా మొదలై, తరువాత పూర్తిగా జి.ఎం.ఆర్. సంస్థల ఆధీనంలోకి వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థయైన ఏ.ఐ. ఇంజనీరింగ్ సర్వీసెస్‌కు కూడా ఇక్కడ హ్యాంగరు ఉన్నది. 2022 జనవరిలో ఎయిరిండియాను టాటా వారికి అప్పగించినప్పుడు ఈ సంస్థ ప్రభుత్వం వద్దనే ఉండిపోయింది.

2025 నవంబరు 26న ఫ్రాన్సు దేశానికి చెందిన సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల నిర్వహణ కేంద్రాన్ని ప్రధాని నరేంద్ర మోదీ దృశ్య మాధ్యమం ద్వారా ప్రారంభించారు. సుమారు 1,300 కోట్ల రూపాయల తొలి పెట్టుబడితో, 45,000 చదరపు మీటర్ల స్థలంలో దీనిని నిర్మించారు. పూర్తి స్థాయికి చేరినప్పుడు ఏటా 300 ఇంజన్ల వరకు మరమ్మతు చేయాలని, 2035 నాటికి వేయికి పైగా భారతీయ ఇంజనీర్లకు, సాంకేతిక నిపుణులకు ఉపాధి కల్పించాలని లక్ష్యం.

ఇటువంటి కేంద్రాల కొరత ఎంత నష్టదాయకమో 2023లో దేశం చూసింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల సమస్యతో విమానాలు నిలిచిపోయాయని చెబుతూ గో ఫస్ట్ సంస్థ ఆ ఏడాది మే నెలలో దివాలా ప్రక్రియను ఆశ్రయించి, ఎగరటం మానివేసింది. అదే శ్రేణి ఇంజన్ల తనిఖీ కారణంగా ఇండిగో సంస్థ కూడా పెక్కు విమానాలను నేలపై ఉంచవలసి వచ్చింది.

ప్రభుత్వ విధానం కూడా మారింది. నిర్వహణ సేవలపై వస్తు సేవల పన్నును 2020 ఏప్రిల్ 1 నుండి 18 శాతంనుండి 5 శాతానికి తగ్గించారు. 2024 జూలై 15 నుండి దిగుమతి చేసుకొనే విమాన విడిభాగాలపై ఒకే రీతిగా 5 శాతం పన్ను అమలులోకి వచ్చింది. ఇవి పరిశ్రమ ప్రతినిధులు ప్రభుత్వాన్ని చాలాకాలంగా కోరిన అంశాలు. సదస్సులలో అధికారులు, సంస్థల ప్రతినిధులు ఒకే వేదికపై కూర్చోవటం వలన ఇటువంటి విన్నపాలకు అవకాశం కలుగుతుంది.

పరిచయాలు జరిగే తీరు

సదస్సులో పరిచయాలు మూడు విధాలుగా జరుగుతాయి. మొదటిది, ముందుగా సమయం నిర్ణయించుకొన్న సమావేశాలు. వీటికి వచ్చేవారు తమ సంస్థ ఏయే విమానాలపై, ఏయే భాగాలపై పనిచేయగలదో తెలిపే సామర్థ్య పట్టికను, నియంత్రణ సంస్థల ఆమోద పత్రాల నకళ్ళను వెంట తెస్తారు. రెండవది, స్టాళ్ళ వద్ద జరిగే సంభాషణలు. మూడవది, తేనీటి విరామాలు, విందులు. మూడవదానిలో వ్యాపార ప్రస్తావన తక్కువ. కాని మనిషిని అంచనా వేయటం ఎక్కువ.

విజిటింగు కార్డు ఇచ్చిపుచ్చుకోవటంతో పరిచయం పూర్తికాదు. కార్డు వెనుక ఎక్కడ కలిసినదీ, ఏమి మాట్లాడినదీ రాసుకోవటం, వారం లోపల ఒక చిన్న ఉత్తరం పంపటం, ఇస్తామన్న సమాచారాన్ని తప్పక ఇవ్వటం మంచి పద్ధతి. చేయలేని పనిని చేయగలమని చెప్పిన సంస్థ పేరు ఈ చిన్న ప్రపంచంలో త్వరగా పాడవుతుంది.

హద్దులు

పోటీదారులు ఒకచోట చేరినప్పుడు ధరలు కూడబలుక్కొనే ప్రమాదం ఉన్నది. 2002నాటి భారత పోటీ చట్టం దీనిని నిషేధిస్తుంది. అందువలన ధరలు, టెండర్ల వివరాలు పోటీదారులతో చర్చించరాదు. అట్లే ఖరీదైన బహుమతులు స్వీకరించటం, ఖాతాదారుల విమానాలలో కనుగొన్న లోపాలను బయట చెప్పటం వృత్తి ధర్మానికి విరుద్ధం. స్నేహం ఎంత ఉన్నా, భాగాన్ని ధ్రువపత్రం చూడకుండా అమర్చరాదు.

విద్యార్థులకు ఉపయోగం

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు డి.జి.సి.ఎ. ఆమోదం గల శిక్షణ సంస్థలో చేరి విమాన నిర్వహణ ఇంజనీరు (ఏ.ఎం.ఇ.) లైసెన్సుకు సిద్ధం కావచ్చు. ఇందులో బి-1 ప్రధానంగా యాంత్రిక విభాగానికి, బి-2 ఎలక్ట్రానిక్ విభాగానికి సంబంధించినవి. కోర్సు పూర్తిచేసినంత మాత్రాన లైసెన్సు రాదు; డి.జి.సి.ఎ. పరీక్షలు ఉత్తీర్ణులై, విమానాలపై నిర్ణీత కాలం పనిచేసిన అనుభవం చూపాలి. ఆ అనుభవానికి అవకాశం దొరకటమే చాలామందికి అడ్డంకి. చేరబోయే ముందు ఆ సంస్థకు ఆమోదం ఉన్నదో లేదో డి.జి.సి.ఎ. జాబితాలో స్వయంగా చూసుకోవటం అవసరం.

కోస్తా పల్లపు జిల్లాలకు విమానాలు కొత్త కావు. అద్దంకి సమీపంలో కొరిశపాడు, రేణింగవరం మధ్య 16వ నెంబరు జాతీయ రహదారిపై నిర్మించిన అత్యవసర రన్‌వేపై 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలతో పరీక్ష జరిపారు. అయితే నిర్వహణ పని నేర్చుకొనే హ్యాంగర్లు ఈ ప్రాంతంలో లేవు. బాపట్ల జిల్లా వేటపాలెం వంటి ఊరి విద్యార్థి అందుకొరకు హైదరాబాదు వంటి నగరానికి పోవలసినదే. ఈ వృత్తిలో బంధువులు గాని, తెలిసినవారు గాని లేని అటువంటి విద్యార్థికి వింగ్స్ ఇండియాలో ప్రజలను అనుమతించే దినాలు ఉపయోగకరం. పనిచేస్తున్న ఇంజనీరును కలిసి, ఏ లైసెన్సుకు ఎక్కడ అనుభవం దొరుకుతుందో అడిగి తెలుసుకోవచ్చు. ఉద్యోగం అడగటం కంటే సూటియైన ఒక ప్రశ్న అడగటం వలన పరిచయం నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* బేగంపేట విమానాశ్రయం
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్
* వేటపాలెం