పంచుకోరానివి: బావీ, బాటా

మా తాతగారి మండువా ఇంటిని ఆయన కుమారులు మువ్వురూ పంచుకున్నప్పుడు గదులతోపాటు దొడ్డిలోని కొబ్బరిచెట్లు సైతం లెక్కకు వచ్చాయి. పెరటి బావి, దాని వద్దకు పోయే నడవ మాత్రం పంపకాల కాగితానికి ఎక్కలేదు. అవి మా పెదనాన్నగారి వాటాలో పడ్డాయి. కొన్నేళ్ళకు మధ్యన గోడ లేచింది. మా అమ్మ వీధి చివరి బావి నుంచి బిందెలు మోసింది.

అలా జరుగకూడదని శాస్త్రం ఏనాడో చెప్పిందని విద్వాన్ చదివే రోజుల్లో తెలిసింది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం విభజింపరాని వాటిలో ఉదకాన్నీ, ప్రచారాన్నీ చేర్చింది. కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని (1076-1126) కాలంలో యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు వాటిని వివరించాడు. ఉదకమంటే బావి వంటి నీటి ఆధారం; వెలకట్టి పంచరాదు, వంతులవారీగా వాడుకోవాలి. ప్రచారమంటే ఇంటికీ తోటకూ రాకపోకల దారి, అదీ పంచరానిదే. ఆ శాస్త్రాన్ని 13వ శతాబ్దిలో కేతన తెనిగించాడు.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షను కూడా, ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒకరి వాటా అనుభవానికి మరొకరి వాటాపై హక్కు తప్పనిసరియైతే దానిని గుర్తిస్తుంది. కాని ఆ 'తప్పనిసరి' ఇరుకైన మాట. వీధిలో వేరే బావి ఉండగా మా అమ్మకు ఆ సెక్షను అక్కరకు వచ్చేదా అన్నది అనుమానమే. మితాక్షర ప్రకారమైతే ఆమె వంతు ఆమెకు ఉండేది.

దస్తావేజు వ్రాయించే మిత్రులారా, బావీ బాటా ఉమ్మడివని ఒక్క పంక్తి చేర్పించండి. ఆ పంక్తి లేకనే మా ఇంట గోడ లేచింది.