ఒకే కొలత రాళ్ళు

1732 ఈస్టరు. జర్మనీలో సాక్సనీ తూర్పు అంచున హెర్న్‌హూట్ అనే చిన్న ఊరు. మొరావియాలో మత హింసకు తాళలేక పారిపోయి వచ్చినవాళ్ళకు జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. వడ్రంగి క్రిస్టియన్ డేవిడ్ 1722 జూన్‌లో మొదటి చెట్టు కొట్టడంతో ఊరు మొదలైంది. పదేళ్ళ తర్వాత ఆ ఈస్టరునాడు పెళ్ళికాని కుర్రాళ్ళు చీకటితో లేచి, పక్కనున్న హూట్‌బెర్గ్ గుట్ట మీది సమాధుల తోటకు వెళ్ళి, పాటలు పాడుకుంటూ పొద్దుపొడుపు కోసం చూశారు. మరుసటి ఏడు ఊరంతా వాళ్ళ వెంట నడిచింది.

యోహాను సువార్త 20వ అధ్యాయం చదివినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. మగ్దలేనే మరియ ఇంకా చీకటిగా ఉండగానే సమాధి దగ్గరికి పోయింది. రాయి తీసి ఉండడం చూసి కూడా ఎవరో దేహాన్ని ఎత్తుకుపోయారనే అనుకుంది. యేసు పేరు పెట్టి పిలిచేదాకా ఆయన్ను తోటమాలి అనుకుంది. పండుగ పుట్టిందే సమాధుల తోటలో. గుడిలో ఎంత బాగా చేసుకున్నా, తోటకు పోకపోతే నాకు అది సగం పండుగే.

మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చి నాటిన సంఘం నీడలో పుట్టినవాళ్ళం. మా పల్లెలో ఈస్టరు శనివారం మధ్యాహ్నమే మొదలయ్యేది. మగవాళ్ళు కంపచెట్లు కొట్టేవాళ్ళు, ఆడవాళ్ళు సున్నం తడిపేవాళ్ళు, పిల్లలం బంతిపూలు గుచ్చేవాళ్ళం. తాతమ్మ సమాధికి మా అమ్మ సున్నం వేసి, మిగిలినదాన్ని పారబోసేది కాదు. నా అన్నవాళ్ళు లేనివాళ్ళ మట్టిదిబ్బలు మూలన ఉండేవి. వాటి చుట్టూ తెల్లగా గీత గీసి, తలవైపు ఒక కొవ్వొత్తి పెట్టేది. తెల్లవారుజామున అయ్యగారు క్రీస్తు లేచాడని చాటితే, నిజంగా లేచాడని సంఘమంతా ఒక్క గొంతుతో బదులు చెప్పేది. ఆ కేక ఊళ్ళోకి వినపడాలని మా నాన్న మరీ గట్టిగా అరిచేవాడు.

ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం శరీరం తిరిగి లేస్తుందని ఒప్పుకుంటాం. ఆత్మ ఒక్కటే ఎక్కడికో పోతుందని కాదు, ఈ శరీరమే. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమంతా ఈ వాదనే. తాకితే మైల అని ఊరు దూరం పెట్టిన శరీరాన్ని దేవుడు చెయ్యిపట్టి లేపుతాడన్న మాట మా పల్లెకు ఎంత పెద్ద మాటో చెప్పలేను. మా తాతల కాలంలో ఊరి శ్మశానంలో మాకు చోటు లేదు. వాగు ఒడ్డున వరదకు కోసుకుపోయే నేల మాది. అక్కడ పాతిపెట్టినవాళ్ళను కూడా ఆయన వెతికి లేపుతాడని మా తాతమ్మ నమ్మింది.

దేవుడి ముందు ఏ శరీరమూ తక్కువ కాదన్న ఈ నమ్మకాన్ని హెర్న్‌హూట్‌వాళ్ళు రాళ్ళలో చూపారు. వాళ్ళ తోటలో రాళ్ళు నేలకు బల్లపరుపుగా ఉంటాయి. కుటుంబాల వారీగా కాకుండా మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, చనిపోయిన వరుసలో పడుకుంటారు. జిన్‌జెన్‌డార్ఫ్ కుటుంబానికి మాత్రం నడిమధ్యన ఎత్తైన పెద్ద సమాధులున్నాయి. ఆ మినహాయింపు లేకుంటే ఎంత బాగుండేది! అయినా ఆ నమ్మకం ఊళ్ళోనే ఆగలేదు. ఆ తొలి ఈస్టరు గడిచిన కొద్ది నెలలకే, 1732 ఆగస్టులో, ఈ ఊరి నుంచి డోబర్, నిచ్‌మన్ అనే ఇద్దరు వెస్టిండీస్‌లోని బానిసలకు సువార్త చెప్పడానికి బయల్దేరారు.

ఇదే సంఘం అమెరికాకు వెళ్ళి, ఉత్తర కరోలినాలోని సేలంలో 1772 నుంచి ఈస్టరు వేకువ ఆరాధన చేస్తోంది. అక్కడా కుటుంబాలు శనివారం రాళ్ళు కడిగి పూలు పెడతాయి. అర్ధరాత్రి దాటాక బ్యాండ్లు వీధి వీధి తిరిగి జనాన్ని లేపుతాయి. రాళ్ళన్నీ ఒకే తీరు. మొదట్లో నల్లజాతి బానిస విశ్వాసులను కూడా ఆ తోటలోనే, తెల్లవాళ్ళ పక్కనే పాతిపెట్టారు. 1816 నుంచి వాళ్ళకు వేరే శ్మశానం చూపించారు. బతికినన్నాళ్ళూ బల్ల దగ్గర కలిసి రొట్టె తిన్నవాళ్ళను మట్టిలో విడదీశారు. ఆ ఈస్టరు ఉదయాల్లో ఏ నోటితో పునరుత్థానం పాడారో నాకు బోధపడదు. బానిసత్వంలో తమ పాత్రకు ఆ సంఘం క్షమాపణ చెప్పింది 2006లో.

వాళ్ళను తప్పుపట్టి ఊరుకునే హక్కు మనకు లేదు. మన తోటల్లో ఇప్పుడు గ్రానైటు లేస్తోంది. ఉద్యోగం చేసి పోయినవాళ్ళకు పందిరి, స్టీలు రెయిలింగు, నల్లరాతి మీద ఫోటో. కూలివాడి మట్టిదిబ్బ రెండు వానలకు కరిగిపోతే, ఆ చోట ఇంకొకరి పందిరి వస్తోంది. కొన్నిచోట్ల క్రైస్తవుల్లోనే కులానికో తోట. తల్లిదండ్రుల మీద ప్రేమకొద్దీ కడుతున్నారు, కాదనను. కానీ ఉన్న నేలే తక్కువ.

వచ్చే సంఘ సమావేశంలో నేను మూడు అడగబోతున్నాను. ఇకమీదట అందరికీ ఒకే కొలత రాయి. పోయిన వరుసలోనే చోటు. రాయి వేయించుకోలేనివాళ్ళకు సంఘం డబ్బుతో వేయించడం. ఈస్టరు కానుకలో కొంత తీస్తే సరిపోతుంది.