ఏటి యీత, కడలి యీత

ఈతకు మించిన లోతు లేదని మన పెద్దల మాట. ఈ సామెత బావిగట్టున పుట్టినది. నీటిపై తేల నేర్చినవానికి క్రింద ఇరువది అడుగుల నీరున్నను, ఇన్నూరు అడుగుల నీరున్నను ఒక్కటే యని దీని భావము. బావికిని, చెరువునకును ఈ మాట చెల్లును. ఏటికి సగము చెల్లును. కడలికి బొత్తిగా చెల్లదు. ఏలయన, కడలిలో మనుజుని ముంచునది లోతు గాదు; చలి, నీటి యీడ్పు, అలసట. ఈ మూడింటిని ఎదిరించి, పొట్టకూటికై గాక కేవలము వినోదమునకై మానవులు విశాల జలములందు ఈదుట ఎట్లు నేర్చిరో తెలుపుట యీ వ్యాసమున కుద్దేశము. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈత కేమి పని యని చందాదారులలో కొంద రడుగవచ్చును. ఈ చరిత్రలో పుస్తకముల పాలు ఎంత గలదో చదివిన పిమ్మట వారే నిర్ణయింతురు గాక.

మన వాఙ్మయమున జలక్రీడకు కొఱత లేదు. మహాకావ్యమున వర్ణింపదగిన వానిలో దండి మొదలగు లాక్షణికులు దాని నొకటిగా జెప్పిరి. భారతమున రాచకుమారులు గంగయొడ్డున ప్రమాణకోటికి జలక్రీడకై పోయిన సందర్భముననే దుర్యోధనుడు భీమునకు విషము పెట్టించి నీట ద్రోయించెను. ఖాండవ దహనమునకు ముందు కృష్ణార్జునులు విహరించినది యమునాతీరముననే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజుల వినోదములలో జలక్రీడను గూడ జేర్చెను. ఐనను ఒక్క సంగతి. మన కవులకు నీళ్ళు చల్లుకొనుటయందును, తామరలు కోయుటయందును గల మక్కువ చేయి చాచి ఈదుటయందు కానరాదు. ఊపిరి యెప్పుడు పీల్చవలెను, కాలెట్లు తన్నవలెను అనునది వర్ణనకు లొంగని విషయమని వారు తలచిరి కాబోలు. ఆ విద్య మనయొద్ద గ్రంథములకెక్కక, నడుమునకు గట్టిన సొరబుర్రతోను, జీలుగు బెండుతోను, అన్న చేతినుండి తమ్మునికి, మామ చేతినుండి అల్లునికి సంక్రమించుచు వచ్చినది.

ప్రాచీన గ్రీకులు చదువును ఈతను ఒక్కతీరున నెంచిరి. ఈ రెండును రానివాడు వారి లెక్కలో వట్టి మూఢుడు. రోమకులలో జూలియస్ సీజరు అలెగ్జాండ్రియా రేవున శత్రువులు చుట్టుముట్టగా నీట దూకి, చేతనున్న కాగితములు తడియకుండ పైకెత్తి పట్టుకొని ఈదెనని చరిత్రకారులు వ్రాసిరి. అట్టి విద్య మధ్యయుగములలో యూరపున చాలవఱకు సన్నగిల్లెను. 1571వ సంవత్సరమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్యార్థు లెవరును ఏటగాని, కొలనగాని దిగరాదని ఉత్తరువు వెలువడెను. మొదటి తప్పునకు కొరడా దెబ్బలు. రెండవ తప్పునకు బహిష్కారము. పిల్లలు మునిగి చచ్చుచున్నారని పెద్దలు చేసిన కట్టుబాటిది. నిషేధమువలన చావులు తగ్గవని గ్రహించినవాడు అదే విశ్వవిద్యాలయమున నుండిన ఎవరార్డ్ డిగ్బీ. ఆయన 1587లో ఈతవిద్యను గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. వెల్లకిల తేలుట, ప్రక్కవాటుగ ఈదుట, ఒడ్డునుండి జాగ్రత్తగా దిగుట మున్నగునవి అందు కొయ్యచెక్కడపు బొమ్మలతో చూపబడినవి. ఏ నీట దిగవచ్చునో ఏ నీట దిగరాదో ముందు చూచుకొమ్మని గూడ ఆయన హెచ్చరించెను. 1595లో దాని యాంగ్లానువాదము వచ్చెను. లాటిను తెలిసిన పండితుడు నీటిలో కాళ్ళాడించుటను గూర్చి వ్రాయుట చిన్నతనమని ఆనాడు నవ్వినవారు నుండియుందురు. కొరడా పట్టిన పెద్దలకంటె కలము పట్టిన ఈయనయే ఎక్కువ ప్రాణములను గాచెనని నా నమ్మకము.

డిగ్బీ గ్రంథము నాధారము చేసికొని ఫ్రెంచివాడైన తెవెనో వ్రాసిన మఱియొక పుస్తకము 1696లో వెలువడెను. దానిని చదివి, అందలి విన్యాసములన్నియు సాధన చేసినవాడు అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్. పసితనముననే చేతులకు పలకలు కట్టుకొని ఈదిన ఘటికు డాయన. 1726లో లండనునందు అచ్చుకూటపు పనివాడుగా నుండిన దినములలో, ఒకనాడు థేమ్సు నదిలో చెల్సీనుండి బ్లాక్‌ఫ్రయర్సు వఱకు, త్రోవ పొడవునను నీటిపైనను నీటిలోపలను గారడీలు చేయుచు, ఈదుకొని పోయెను. ఈత బడి పెట్టుకొని లండనులోనే నిలిచిపోవలెనను తలంపు గూడ ఆయనకు కొంతకాలము గలిగెను. నిలిచిపోయినచో ఏమగునో గాని, స్వదేశమునకు మరలి 1731లో ఫిలడెల్ఫియా నగరమున చందాదారుల గ్రంథాలయమును స్థాపించినవాడు గూడ ఈయనయే యని మన సభ్యులకు గుర్తుచేయుట అప్రస్తుతము గాదు.

పదునెనిమిదవ శతాబ్దపు నడుమ రిచర్డ్ రస్సెల్ అను వైద్యుడు సముద్రస్నానము వ్యాధిహరమని వ్రాయగా, ఆంగ్లేయ ధనికులు తండోపతండములుగా కడలియొడ్డు చేరిరి. చక్రముల పెట్టెలలో గూర్చుండి, మర్యాద చెడకుండ నీటిదాక పోయి మునిగి వచ్చుటయే వారి యాచారము. అది స్నానమే గాని ఈత గాదు. కడలిని ఈతకు అనువైన స్థలముగా జనుల కన్నులకు గట్టించినవాడు ఒక కవి. యూరపు ఆసియా ఖండములను విడదీయు హెల్లెస్పాంటు జలసంధిని లియాండరను యువకుడు తన ప్రియురాలు హీరోకై రాత్రులందు ఈదెననియు, ఒక తుపాను రేయి ఆమె దీప మారిపోగా మునిగి చనిపోయెననియు గ్రీకుల గాథ. ఇది సాధ్యమా కాదా యని పండితులు తర్కించుచుండగా, బైరన్ కవి 1810 మే 3వ తేదీన ఎకెన్‌హెడ్ అను నౌకాసైనికునితో గూడ సెస్తాసునుండి అబైడాసునకు 1 గంట 10 నిమిషములలో ఈది తేల్చెను. వెడల్పు మైలుకు మించదు గాని, ప్రవాహపు టీడ్పువలన వారు ఈదిన దూరము దానికి మూడు నాలుగింతలైనది. బైరనుకు పుట్టుకతో ఒక పాదము అవుడు. నేలపై కుంటి నడక నడచువానికి నీరు సమానత్వ మిచ్చినది. తన కవితలకంటె ఈ యీతనే ఆయన ఎక్కువగా చెప్పుకొనెనందురు. కవులయందు ఇది మిక్కిలి యరుదైన గుణము.

ఇక ఇంగ్లీషు కాలువ. డోవరునుండి ఫ్రాన్సు తీరమునకు తిన్నగా 21 మైళ్ళు. దీనిని ఏ తేలుడు సాధనమును లేక మొదట ఈదినవాడు కెప్టెన్ మాథ్యూ వెబ్. సెవర్న్ నదిలో ఈత నేర్చి, వర్తకపు టోడలలో పనిచేసి, 27 ఏండ్ల వయసున ఈ పనికి పూనెను. 1875 ఆగస్టు 12వ నాటి మొదటి ప్రయత్నము గాలివానవలన భగ్నమైనది. ఆగస్టు 24వ తేదీ మధ్యాహ్నము ఒడలికి పందిచేపనూనె పూసికొని మరల దూకెను. ఆయన ఈత మన బావులలో కప్పయీత యనునట్టిదే. పడవనుండి అందించిన కాఫీయు, మాంసరసమును, బ్రాందియు త్రాగుచు, జెల్లిచేపల కాటులకు ఓర్చుచు, రాత్రియంతయు ఈదెను. తెల్లవారుసరికి ఫ్రాన్సు తీరము కన్నుల యెదుట నున్నది. కాని ఆటుపోటు ప్రతికూలమై దాదాపు ఐదు గంటలు ఒడ్డు చేరనీయలేదు. కనబడుచున్న నేలను చేరలేక, వెనుదిరుగక, ఆ ఐదు గంటలు ఆయన ఎట్లు గడపెనో తలచిన ఒడలు జలదరించును. తుదకు 21 గంటల 45 నిమిషములకు కలే తీరమున నిలిచెను. వంకర త్రోవలన్నియు గూర్చగా ఆయన ఈదినది సుమారు 39 మైళ్ళని లెక్క. ఆ కీర్తి ఆయనను బ్రతుకనీయలేదు. పందెములకును ప్రదర్శనములకును ఈదుచు, ధనార్జనకై 1883 జూలై 24న నయాగరా జలపాతము దిగువనున్న సుడులలో దూకి మరణించెను. వినోదము వ్యాపారమైనచో కలుగు కీడునకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కరలేదు.

వెబ్ తరువాత 36 ఏండ్లకు గాని, అనగా 1911లో థామస్ బర్జెస్ వచ్చువఱకు, రెండవవాడు దాటలేదు. ఈతపద్ధతియే ఇందుకు కొంత కారణము. 1844లోనే ఓజిబ్వే తెగకు చెందిన అమెరికా ఆదివాసులు ఇద్దరు లండనులో చేతులు గాలిమరవలె త్రిప్పుచు అతివేగముగా ఈది చూపిరి. ఆంగ్లేయులు అది నీటిని చిందరవందర చేయు మోటుయీత యని పరిహసించి, తమ కప్పయీతనే పట్టుకొని వ్రేలాడిరి. గర్వమువలన అరువది డెబ్బది ఏండ్లు నష్టపోయిరన్నమాట. బారలు వేసి ఈదు ఆ పద్ధతియే తరువాత లోకమును జయించెను. 1926 ఆగస్టు 6న గెర్‌ట్రూడ్ ఎడర్లీ అను అమెరికా యువతి ఆ యీతతోనే, ముసలివాడైన బర్జెస్ శిక్షణమున, కాలువను 14½ గంటలలో దాటెను. అంతకుముందు దాటిన పురుషు లైదుగురే. వారిలో మిక్కిలి వేగముగ దాటినవానికంటె ఆమెకు పట్టినది రెండు గంటలు తక్కువ. స్త్రీలకు అంత సత్తువ యెక్కడిదని పత్రికలలో వ్రాసినవారు నోరు మూసికొనిరి.

ఆసియావాసులలో ప్రథముడు నాటి తూర్పు పాకిస్తాను బెంగాలీ యైన బ్రజేన్ దాస్; 1958 ఆగస్టులో దాటెను. ఆ సెప్టెంబరు 27న మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషములలో దాటి భారతీయులలో మొదటివాడయ్యెను. ఈయన కథ నా కెక్కువ ఇష్టము. పురూలియాలో పుట్టి, న్యాయశాస్త్రము చదువుటకు లండను పోయినవాడు. ఫ్లారెన్స్ చాడ్విక్ అను స్త్రీ కాలువను దాటిన వార్త పత్రికలో చదివి, తానును దాటవలెనని పట్టుబట్టి, పెద్దయైన పిమ్మట సరియైన ఈత నేర్చికొనెను. ఎన్నిమారులో విఫలుడై గాని సఫలుడు గాలేదు. ఇక్కడ గూడ మొదటి ప్రేరణ చదువే. 1959 సెప్టెంబరు 29న పందొమ్మిదేండ్ల ఆరతీ సాహా 16 గంటల 20 నిమిషములలో దాటి ఆసియా స్త్రీలలో ప్రథమురా లయ్యెను. ఒక నెల క్రిందటనే ఆమె తీరమునకు కొలది మైళ్ళ దూరమున ఓడి పడవ నెక్కవలసివచ్చినది. ఆ దుఃఖము దిగమ్రింగి నెలతిరుగగనే మరల అదే నీట దిగుట దాటుటకంటె గొప్ప పని.

సేన్ 1966లో ఒక్క యేటనే పాక్ జలసంధి, జిబ్రాల్టరు, దార్దనెల్సు, బాస్ఫరసు, పనామా కాలువ అను ఐదింటిని ఈదెను. దార్దనెల్సనగా బైరను ఈదిన హెల్లెస్పాంటే. సేన్ దానిని అడ్డముగా గాక పొడవున ఈదెను. ఏప్రిలు 5, 6 తేదీలలో తలైమన్నారునుండి ధనుష్కోటికి 25 గంటల 36 నిమిషములు పట్టినది. 1964 డిసెంబరు తుపానులో కొట్టుకొనిపోయిన ఆ పట్టణపు శిథిలములే ఒడ్డున ఆయన నెదుర్కొనినవి. శ్రీరాముడు వారధి కట్టించెనని మనము చదువుకొను నీళ్ళవి.

వీరులను విడచి సామాన్యులను జూతము. లండనులోని సర్పెంటైను కొలనున 1864లో ఏర్పడిన ఈతసంఘమువారు ప్రతి క్రిస్మసు ఉదయమున, మంచు కురియుచున్నను, 100 గజముల పందెము సాగింతురు. నాటకకర్త జె. ఎం. బారీ 1904నుండి ఆ పందెమునకు బహుమానపు పాత్ర నిచ్చుచు వచ్చెను. అందు పాల్గొనువారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వృద్ధులు. ఇట్టివారి యనుభవమునుండియే నేడు వైద్యులు కొన్ని సంగతులు తేల్చిరి. చల్లని నీట దుమికిన మొదటి ఒకటి రెండు నిమిషములలో ఊపిరి తనంతట తానే ఎగబీల్చుకొనును. ఆ క్షణమున తల నీటిలోనున్న ఎంత ఈతగాడైనను నీరు మ్రింగును. కావున దూకరాదు, మెల్లగ దిగవలెను. ఉక్కిరిబిక్కిరి యైనచో ఈదబోక వెల్లకిల తేలుచు ఊపిరి కుదుటబడువఱకు నిలువవలెను. గట్టెక్కిన పిమ్మట గూడ ఒడలు ఇంకను చల్లబడుచుండును గనుక వెంటనే పొడిబట్ట కట్టవలెను. సముద్రపుటొడ్డున అలలు విరుగుచున్న చోట్ల నడుమ ఒక బారున నీరు నెమ్మదిగ కనబడినచో అది సురక్షితమని భ్రమపడరాదు. లోనికి లాగు నీరు అచటనే యుండును. దానికి చిక్కినవాడు ఒడ్డుకు తిన్నగ ఈదబోయి అలసి మునుగును. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదినవాడు బయటపడును.

మన పల్లెలలో ఈ విద్య వేగముగ మాయమగుచున్నది. బోరుబావులు వచ్చి దిగుడుబావు లెండిపోయినవి, కొన్నిటిని పూడ్చివేసిరి. చెరువులలో యంత్రములతో మట్టి తీయుటవలన, మోకాటి లోతున నడచుచున్నవాడు మఱుసటి యడుగున నిలువులోతున పడుచున్నాడు. ఎండకాలపు సెలవులలో చెరువునకు పోయి తిరిగిరాని పిల్లల వార్త పత్రికలలో చదువని సంవత్సరము లేదు. ఒక్క 2021లోనే ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గట్టినది. మనవారు చేయుచున్నదేమి? చెరువు దరికి పోవద్దని పిల్లలను కసరుచున్నారు. కేంబ్రిడ్జి పెద్దలు 1571లో చేసిన పనియే ఇది. నీళ్ళు తగ్గు దినములలో ఒక వారగా లోతు కొలిచి, మోకులు కట్టి, ఈత వచ్చిన పెద్దలు ఇద్దరు గట్టున నిలిచి, బెండ్లు కట్టి పిల్లలకు నేర్పుట ఎంత ఖర్చుతో గూడిన పని? ఆడుపిల్లలను గూడ దింపవలెను. మునుగుటలో నీరు ఆడు మగ భేద మెంచదు.

పెద్దవార మైతిమి, ఇక నేర్చుటెట్లను వారికి ఒక్క సంగతి చెప్పెదను. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయసున ఈతకు దిగి, 2021లో పాక్ జలసంధిని దాటినది. తరువాత 52 ఏండ్ల వయసున, 2024 డిసెంబరు 28న విశాఖపట్టణపు టొడ్డున నీట దిగి, తూర్పుతీరము వెంబడి దినమునకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ యొడ్డున గట్టెక్కినది.